మార్కమ్ నుంచి నూనెబావుల ఊరి దాకా

మన పత్రికలో ప్రయాణం అంటే నయాగరా, వెయ్యి దీవులు, బాన్ఫ్ కొండలు. మేము మొన్న ఏప్రిల్లో వెళ్ళొచ్చిన ఊళ్ళో జలపాతం లేదు, కొండ లేదు, ఫోటో తీసుకుని ఇంటికి పంపుకునేంత హంగూ లేదు. ఊరి పేరు ఆయిల్ స్ప్రింగ్స్. "అక్కడికెందుకు వెళ్ళారండీ?" అని అడిగినవారికి ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాం. రిటైరయ్యాక ఊరి బయట ఇల్లూ పొలమూ కొనుక్కోవాలన్న సరదా మనవాళ్ళలో చాలామందికి వుంది గనక కొంత ఉపయోగం కూడా వుండవచ్చు.

ముందు మార్కమ్ వదలవలసిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. మేము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలలో పట్టా పుచ్చుకుని వచ్చినవాళ్ళం. ఆ పట్టా ఇక్కడికి రాగానే గోడకి తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదన్న సంగతి ఈ పేజీలు చదివే డాక్టర్లకి చెప్పనక్కరలేదు. నాలుగేళ్ళు పరీక్షలతో గడిచాయి, రెండేళ్ళు రెసిడెన్సీతో. ఆ రెసిడెన్సీ సీటు ఇచ్చినందుకు బదులుగా, చదువు ముగిశాక అయిదేళ్ళు ప్రభుత్వం ఒప్పుకున్న ప్రాంతంలో వైద్యం చేస్తామని సంతకం పెట్టాం. టొరంటో నగరం, దాన్ని ఒరుసుకుని వున్న మిసిసాగా, బ్రాంప్టన్, వాన్, మార్కమ్, పికరింగ్ ఆ ఒప్పందంలో చెల్లవు. అంటే గోంగూరకి నడిచి వెళ్ళగలిగిన చోటునుంచి, పాప డాన్సు క్లాసునుంచి, రిచ్‌మండ్ హిల్ వినాయకుడి గుడినుంచి, ఎ.ఆర్. రెహమాన్ పేరు పెట్టిన వీధి వున్న ఊరినుంచి మూటా ముల్లే సర్దుకోవాలి. గీత అవతల ఏ ఊరైనా సరే.

లాంబ్టన్ కౌంటీలో ఒక చిన్న ఊరి క్లినిక్కువాళ్ళు రమ్మన్నారు. క్లినిక్కుకి పది నిమిషాల దూరంలో పాత ఎర్ర ఇటుకల ఇల్లు, వెనక చెక్క గాదె, 25 ఎకరాల పొలం అమ్మకానికి వున్నాయి. మా టౌన్‌హౌసు అమ్మి, పైన కొంత అప్పు చేస్తే అందుతుంది. కోనసీమలో పాతిక ఎకరాలంటే పెద్ద కామందు కింద లెక్క. ఫోటోలు చూసి మా శ్రీమతి ఆ రాత్రే వంటింట్లో ఎక్కడ ఏ డబ్బా పెట్టాలో నిర్ణయించేసుకుంది. అమ్మకపు ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వుంది: భూగర్భ ఖనిజ హక్కులు భూమితో పాటే సంక్రమిస్తాయి.

శనివారం భోజనాలకి వచ్చిన మిత్రులకి ఆ వాక్యం చూపించడం మా పొరపాటు. ఇల్లు ఎలా వుంది, పాప బడి ఎంత దూరం అని ఒక్కరూ అడగలేదు. ఒకాయనకి టెక్సాస్‌లో తోడల్లుడున్నాడట, ఆయన పెరట్లో గ్యాసు పడిందట, నెలనెలా చెక్కు వస్తుందట. ఇంకొకాయన అప్పటికప్పుడు చేతిరుమాలు కాగితం మీద ఎనిమిదో వంతు రాయల్టీ లెక్క కట్టారు. "డాక్టరుగారూ, ఇక స్టెతస్కోపు ఎందుకండీ, గొడుగు పట్టుకుని తిరగండి" అని మూడో ఆయన. నవ్వుకున్నాం. మాకూ లోపల కాస్త ఆశ పుట్టలేదని చెప్పం.

అప్పటిదాకా గారెలు వేస్తూ వంటింట్లో వున్న మా అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక్క మాట అడిగింది. "హక్కులు సరేరా అబ్బాయ్, బావి ఎక్కడుంది?"

ఎవరూ జవాబు చెప్పలేదు. మా అమ్మ ఆ మాట ఊరికే అడగలేదు.

మాది కోనసీమ. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి పేలి అంటుకుంది. మాకప్పుడు ఏడేళ్ళు. ఆ మంట 65 రోజులు మండింది, మార్చి 15న గాని ఆరలేదు. మా ఊరు దానికి ఎనిమిది మైళ్ళ అవతల. రాత్రిపూట తూర్పు దిక్కు ఎర్రగా వుండేది, అరుగు మీద పడుకుంటే కొబ్బరాకుల నీడలు గోడ మీద కదిలేవి. రైలు దగ్గరకొస్తూ ఎంతకీ రాకుండా వున్నట్టు ఒక మోత. ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పశువుల్ని తోలుకుని బంధువుల ఇళ్ళకి వచ్చేశారు, మా ఇంట్లో పదకొండుమంది వుండేవారు. పిల్లలం గనక మాకు అది పండగలా వుండేది. అమ్మకి అలా వుండేది కాదు. అంత మంట వచ్చేదాకా ఆ చుట్టుపక్కల చాలామందికి బావి తమకి ఎంత దూరంలో వుందో తెలియదు.

తరవాత మా అమ్మమ్మ తోటలోంచి గ్యాసు పైపు వెళ్ళింది. 1962 నాటి చట్టం ప్రకారం భూమి మనదే వుంటుంది, పైపు పోయే పట్టీ వాడుకునే హక్కు మాత్రం వాళ్ళు తీసుకుంటారు. దానికి భూమి విలువలో పదో వంతు పరిహారం, పంటకీ చెట్లకీ జరిగిన నష్టానికి విడిగా మరికొంత. ఆ పట్టీ మీద ఇక ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు వేయకూడదు. కొబ్బరి తోటలో చెట్టు వేయకూడని నేల ఎందుకో చట్టం రాసినవాళ్ళు చెప్పలేదు. పదిహేడు చెట్లు పోయాయి. మన దేశంలో నేల అడుగున వున్న చమురూ గ్యాసూ ప్రభుత్వానివే, రైతుకి అందులో వాటా లేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపు పేలి ఇరవైమందికి పైగా చనిపోయిన రోజు మేము ఆసుపత్రిలో హౌస్‌సర్జన్లం. అమ్మ ఫోను చేసి మొదట అడిగింది, "మన పైపూ ఆ పైపూ ఒకటేనా?" అని. అడిగి తెలుసుకోవడానికి మా దగ్గర పటం లేదు.

అందువల్ల అమ్మ ప్రశ్నకి జవాబు వెతికాకే సంతకం పెట్టాలనుకున్నాం.

మొదట కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఆంటారియోలో ఇంతవరకు తవ్విన చమురు, గ్యాసు, ఉప్పు బావుల్లో తెలిసినవి సుమారు 27,000. వాటి వివరాలు లండన్ ఊళ్ళో (మన ఆంటారియో లండనే, రాజుగారిది కాదు) ఒక గ్రంథాలయంలో భద్రంగా వున్నాయి. దానిపేరు ఆంటారియో ఆయిల్, గ్యాస్ అండ్ సాల్ట్ రిసోర్సెస్ లైబ్రరీ. ఒక్కొక్క బావికీ ఒక్కొక్క చుక్క పెట్టి పటం కూడా చేశారు, ఎవరైనా చూడవచ్చు. పటం తెరవగానే లాంబ్టన్, కెంట్, ఎసెక్స్, నార్ఫోక్, వెల్లండ్ మీద ఆవాలు ఒలకబోసినట్టు చుక్కలు. మార్కమ్ వైపు దాదాపు ఖాళీ. మన కాళ్ళ కింద కూడా హిమానీనదాలు తెచ్చి పోసిన మట్టి, దాని కింద నల్లని పలకరాయి వున్నాయి గాని, చమురువాళ్ళ అదృష్టం నైరుతి మూలనే వుంది.

చుక్క చూడటం తేలికే, చుక్క మన పొలంలో వుందా పక్కవాడి పొలంలోనా తెలుసుకోవడం కష్టం. ఎందుకంటే బావుల్ని వీధి నంబర్లతో రాయరు. టౌన్‌షిప్పు పేరు, లాటు నంబరు, కన్సెషన్ నంబరు, లాటులో ట్రాక్టు నంబరు. మొదట మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా శ్రీమతే అంది, "ముందు మన మార్కమ్ ఇల్లు ఏ లాటో కనుక్కుందాం, ఆ తరవాత ఆ ఇల్లు" అని. నిజానికి ఆ సాయంత్రమే మేము పదేళ్ళుగా వుంటున్న ఊరిని మొదటిసారి చూశాం.

1794లో విలియమ్ బెర్జీ అరవై పైచిలుకు జర్మన్ కుటుంబాలతో వచ్చేనాటికే ఈ నేలని గొలుసులతో కొలవడం మొదలైంది. యంగ్ స్ట్రీట్ మొదటి గీత. అక్కడినుంచి తూర్పుకి ప్రతి మైలుంపావుకీ ఒక గీత, రెండు గీతల మధ్య వున్నది ఒక కన్సెషన్. బేవ్యూ, లెస్లీ, వుడ్‌బైన్, వార్డెన్, కెనెడీ, మెకావన్, 48వ హైవే: మనం రోజూ కార్లో దాటే రోడ్లన్నీ ఆ గొలుసు గీతలే. తొమ్మిదో గీత దగ్గరికి వచ్చేసరికి పేరు పెట్టడానికి ఓపిక లేకపోయిందో ఏమో, ఇప్పటికీ దాన్ని నైన్త్ లైన్ అనే అంటున్నాం. దక్షిణాన స్టీల్స్ దగ్గర మొదలుపెట్టి ఉత్తరానికి లాట్లు లెక్కపెడతారు, అయిదేసి లాట్లకి ఒక అడ్డరోడ్డు. మా ఇల్లు కెనెడీకీ మెకావన్‌కీ మధ్య, 7వ హైవేకి కొంచెం పైన. అంటే ఆరవ కన్సెషన్, పన్నెండో లాటు. ఇప్పుడు దాని మీద లేఅవుటు పడి కొత్త ప్లాను నంబరు వచ్చింది గాని, కింద ఆ పాత లాటు అలాగే వుంది. మా తాతగారి దగ్గర సర్వే నంబరు చెబితే చాలు, అది ఎవరి పొలం, మధ్యలో ఎన్ని చింతచెట్లు అన్నీ చెప్పేవారు. మేము పన్నెండో లాటులో ఇన్నేళ్ళు కాపురం చేసి దాని నంబరు తెలుసుకోలేదు.

ఆ సూత్రం పట్టుబడ్డాక లాంబ్టన్ పొలం దొరికింది. దాని లాటులో రెండు చుక్కలు. ఒకటి ఏమీ పడని బావి, పూడ్చేశారు. రెండోది పాత గ్యాసు బావి. అది ఏ స్థితిలో వుందో తెలియదని వుంది, చోటు కూడా అంచనా మాత్రమే. ఆ చుక్క సరిగ్గా రోడ్డు మధ్యలో పడింది. రోడ్డు మధ్యలో ఎవరూ బావి తవ్వరు.

ఇక హక్కుల సంగతి. లాయరుగారు చెప్పినదాన్ని మా మాటల్లో చెబుతాం. ఆంటారియోలో 1913 మే 6కి ముందు క్రౌన్ వ్యవసాయానికిచ్చిన పట్టాల్లో ఖనిజాలు తనకే అని రాసుకున్న షరతు వున్నా అది చెల్లదు, అవి భూమితోపాటే రైతుకి వెళ్ళినట్టు లెక్క. కనుక ఈ ప్రాంతపు పాత పొలాల్లో చాలావాటికి కింది హక్కు పుట్టుకతో వుంది. అయితే మధ్యలో ఏ తాతో దాన్ని విడదీసి అమ్మి వుండవచ్చు, ఏ కంపెనీకో లీజు రాసి వుండవచ్చు. మన దగ్గర ఈసీ తీయించినట్టే ఇక్కడ భూమి రిజిస్టరు తీయించి, ఒక్కొక్క పద్దూ వెనక్కి చదవాలి. దానికి తోడు ఆ పక్కనే డాన్ అనే చోటుంది. అక్కడ గ్యాసు తీసేసి ఖాళీ అయిన రాతి పొరల్లోకి వేసవిలో మళ్ళీ గ్యాసు దించి, చలికాలం పైకి తీసి పైపుల్లో ఇటు పంపుతారు. జనవరిలో మార్కమ్‌లో మన పొయ్యి వెలగడంలో డాన్ వాటా వుంది. అలాంటి నిల్వ ప్రాంతంగా ప్రకటించిన చోట మన పొలం పడితే లెక్కలు వేరు. మా పొలం పడలేదు. ఆ పాత కాగితాల్లో ఒక లీజు కనిపించింది గాని ఎప్పుడో ముగిసింది. రాయల్టీ లెక్క కట్టిన మిత్రుడికి ఇది చెబితే, "అయితే హక్కులు క్లియరన్నమాట!" అని సంతోషించారు.

ఏప్రిల్ చివరి శుక్రవారం సెలవు పెట్టి బయలుదేరాం. అమ్మ, మా శ్రీమతి, పాప, మేము. పులిహోర, పెరుగన్నం, పాపకి మాత్రం దారిలో టిమ్ హోర్టన్స్. 401 మీద మిల్టన్ దాటాక అమ్మ, "ఇంత నేల వుండి ఒక్క మనిషీ కనపడడేమిటే అమ్మాయ్" అని కోడలితో అంటూనే వుంది.

లండన్ లైబ్రరీ బయటినుంచి చూస్తే గిడ్డంగిలా వుంటుంది, లోపల కూడా సగం గిడ్డంగే. బావి తవ్వినప్పుడు పైకి వచ్చిన రాతి ముక్కల్ని చిన్న చిన్న గొట్టాల్లో, పొడుగాటి రాతికడ్డీల్ని పెట్టెల్లో వరసగా పేర్చారు. పాపకి అదొక మిఠాయి దుకాణంలా కనిపించింది. అక్కడివాళ్ళు లాటు నంబరు అడిగి, ఆ బావి ఫైలు తెచ్చి ముందు పెట్టారు. లోపల తవ్వినవాడి కాగితం నకలు. ఎన్నడుగుల దగ్గర ఏ రాయి తగిలిందో చేత్తో రాసుకున్నాడు: మట్టి, పై సబ్బురాయి, నడిమి సున్నం, కింది సబ్బురాయి, పెద్ద సున్నం. పొరలకి ఆ కాలపు పనివాళ్ళు పెట్టుకున్న పేర్లవి. ఒకచోట గ్యాసు తగిలిందని గుర్తు. మా వృత్తిలో కేసుషీటు చదవడం అలవాటు గనక ఏమి రాశాడో కంటే ఏమి రాయలేదో చూశాం. పూడ్చినట్టు రాయలేదు. ఎక్కడ తవ్వాడో, "గాదెకి ఉత్తరాన" అని రాశాడు. ఏ గాదె? ఇప్పుడున్నదా, దానికి ముందుదా?

అక్కడి ఉద్యోగి ఒక మాట చెప్పారు. ప్రభుత్వం రికార్డులు పెట్టమని అడగకముందే ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. అందుచేత పటంలో చుక్క వుంటే బావి వుండవచ్చు, చుక్క లేకపోతే బావి లేదని మాత్రం అనుకోకండి అని. జబ్బు లేదని రిపోర్టు వచ్చిన రోగికి మేము కూడా అదే మాట చెబుతాం.

లండన్ నుంచి గంటసేపు పోతే ఆయిల్ స్ప్రింగ్స్. ఊళ్ళోకి అడుగు పెట్టకముందే వాసన వస్తుంది. ఇక్కడి చమురులో గంధకం ఎక్కువ, ఆ రోజుల్లో దాని దీపం వెలిగిస్తే ఇల్లంతా కంపుకొట్టేదట. 1858లో జేమ్స్ మిల్లర్ విలియమ్స్ ఇక్కడ తారు పేరుకున్న బంకనేల దగ్గర బావి తవ్వితే చమురు ఊరింది. పెన్సిల్వేనియాలో డ్రేక్ బావికి అది ఏడాది ముందు. ఉత్తర అమెరికాలో మొదటి చమురు వ్యాపారం అక్కడ మొదలయింది, అమెరికావాళ్ళు ఒప్పుకోరనుకోండి. 1862 జనవరి 16న హ్యూ నిక్సన్ షా అనే ఆయన బావి మొదటిసారి పైకి చిమ్మింది, ఆపడం తెలియక బ్లాక్ క్రీక్ నిండా చమురు పారింది. మరుసటి ఏడాది ఆయన తన బావిలోనే ఊపిరాడక చనిపోయాడు. మ్యూజియంలో ఇది ఒక చిన్న వాక్యం. మేము మాత్రం అక్కడే కాసేపు నిలబడిపోయాం.

మ్యూజియం వెలుపల ఇప్పటికీ చమురు తీస్తున్నారు. ఫెయిర్‌బ్యాంక్ కుటుంబం 1861లో వచ్చింది, ఇంకా అదే పని. ఒక కొట్లో ఒకే యంత్రం తిరుగుతుంది. దానికి తగిలించిన చెక్క వాసాలు పొలాల మీదుగా గాలిలో వేలాడుతూ ముందుకీ వెనక్కీ ఊగుతూ పోతాయి, ఊగుతూ పోయి ఎక్కడో దూరాన వున్న బావి మీది దూలాన్ని ఎత్తి దించుతాయి. ఒక్క యంత్రం మీద ఎన్నో బావులు. పొలమంతా ఒకటే కిర్రు కిర్రు చప్పుడు. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఏతామేరా ఇది. మనుషులు ఎక్కి తొక్కడం లేదు, అంతే" అంది. తరవాత పాపకి ఏతాం అంటే ఏమిటో, తన పుట్టింట్లో ఏతాం తొక్కేవాడు ఏమి పాడేవాడో చెప్పుకుంటూ కంచె పొడుగునా నడిచింది. కారు దగ్గరికి వచ్చేసరికి మనవరాలికి కిర్రు చప్పుడుకి సరిపోయేలా ఏతాం పాట సగం వచ్చేసింది.

పక్కన పెట్రోలియా ఊళ్ళో 1889లో కట్టిన విక్టోరియా హాలు చూస్తే అప్పట్లో డబ్బు ఎలా పొర్లిందో తెలుస్తుంది. ఇక్కడ పని నేర్చిన డ్రిల్లర్లు జావా, సుమత్రా, బోర్నియో దాకా వెళ్ళి బావులు తవ్వారు. మా తాతగారి అన్న ఒకాయన కోరంగి రేవునుంచి రంగం పడవెక్కి సిరియం నూనె కర్మాగారంలో కూలికి చేరి, రెండు ఇత్తడి బిందెలతో తిరిగొచ్చాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. చమురు వెంట మనుషులు ఎంత దూరం పోయారో! పెట్రోలియావాడు ఆ హాలు కట్టుకున్నాడు, మావాడు బిందెలు తెచ్చుకున్నాడు.

శనివారం పొద్దున్న ఇల్లు చూడటానికి వెళ్ళాం. అమ్మేది ఎనభై దాటిన పెద్దాయన, ఆ ఇంట్లోనే పుట్టారట. ఇల్లు ఫోటోలకంటే బాగుంది. మా శ్రీమతి వంటింటి కిటికీ దగ్గర నిలబడింది, ఇక కదలదు. మేము గాదె ఎప్పటిదని అడిగాం. ఇది నాన్న కట్టినది, పాతది కాలిపోయింది అన్నారు. పాతది ఎక్కడుండేదంటే ఇంటికీ దీనికీ మధ్య చూపించారు. అక్కడికి నడిచాం. లైలాకు పొదల వెనక రెండు బల్లల వెడల్పున గడ్డి మొలవని నేల, మధ్యలో మోకాలెత్తు ఇనప గొట్టం, నోట్లో చెక్క బిరడా. మంచినీళ్ళ బావికి పాతిక అడుగులు కూడా లేదు. పటంలో చుక్క రోడ్డు మధ్యలో వుంది, గొట్టం ఇక్కడుంది.

"మా అమ్మ ఈ గ్యాసు మీదే వంట చేసేది. యాభై ఏళ్ళపాటు మాకు బిల్లు లేదు" అన్నారు పెద్దాయన గర్వంగా. అమ్మకి తర్జుమా చేసి చెప్పాం. అమ్మ వినలేదు, మనవరాలి చెయ్యి పట్టుకుని గాలికి ఎదురుగా ఇరవై అడుగులు వెనక్కి నడిచింది.

కుళ్ళిన గుడ్డు వాసన. చాలా కొద్దిగా. ఆ వాయువు హైడ్రోజన్ సల్ఫైడు. గాలిలో పదిలక్షల భాగాలకి ఒక భాగంకంటే తక్కువ వున్నా ముక్కు పట్టేస్తుంది. నూరు భాగాలకి చేరేసరికి ముక్కే మొద్దుబారుతుంది, ఇక వాసన తెలియదు. వాసన పోయింది గనక ప్రమాదం పోయిందనుకున్నవాడే పడిపోతాడు. కొన్ని వందల భాగాలయితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. ఇక్కడికి రెండు గంటల దూరంలోపే వున్న వీట్లీ అనే ఊళ్ళో 2021 జూన్, జూలైల్లో ఈ వాసనకే ఇళ్ళు ఖాళీ చేయించారు. ఆగస్టు 26 సాయంత్రం ఊరి నడిబొడ్డున పేలింది, 20 మందికి గాయాలు. దుకాణాల కింద ఎవరికీ గుర్తులేని పాత గ్యాసు బావి.

పెద్దాయనతో ఈ మాటలన్నీ మర్యాదగానే చెప్పాం. పాత బావుల్ని పూడ్చడానికి ప్రావిన్సు ఒక పథకం పెట్టింది, నడిపినవాడు దొరకని బావులకి భూయజమాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. వెంటనే కాదు, ఏది ఎక్కువ ప్రమాదమో దానికి ముందు వరస. అది కుదరకపోతే పదుల వేల డాలర్ల ఖర్చు, అది భూమి కొన్నవాడి మెడకి చుట్టుకోవచ్చునని లాయరుగారు ముందే హెచ్చరించారు. అందుకని, ముందు ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి, నీళ్ళు పరీక్ష చేయించాలి, బావి సంగతి తేలాకే కొనుగోలు అని అడిగాం. పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఎనభై రెండేళ్ళు బతికాను దీని పక్కన. నువ్వు డాక్టరువి, నాకు జబ్బేమిటో చెప్పు" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఆయన గట్టిగానే వున్నారు.

తిరుగుదారిలో ఎవరూ మాట్లాడలేదు. వుడ్‌స్టాక్ దగ్గర కాఫీకి ఆగాం. అమ్మ డోనట్ల సంచీ చింపి, పాప పెన్సిలు తీసుకుని ఏదో గీస్తోంది. చూస్తే మా ఊరు. చెరువుగట్టు, రామాలయం, బడి, కాలవ, లాకులు. బడి వెనక ఒక సున్నా, "ఇది మూసేశారు". లాకుల అవతల ఇంకో సున్నా, "ఇక్కడ మంట ఎప్పుడూ వుంటుంది". అమ్మమ్మ తోటలోంచి అడ్డంగా ఒక గీత, దాని మీద వరసగా చిన్న చిన్న అడ్డగీతలు. పాప లెక్కపెట్టింది, పదిహేడు. "పైపు మా మేనమామ ఇంటి పెరట్లోంచి పోయిందో, గోడ అవతలినుంచో నాకు సరిగ్గా తెలీదు. రాత్రికి ఫోను చేసి అడగాలి" అని అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టింది. మార్కమ్ చేరేసరికి అక్కడ తెల్లవారుతుంది, మామయ్య లేచే వేళే.

పది రోజుల తరవాత పెద్దాయన ఫోను చేశారు. దరఖాస్తు కాగితం తెప్పించుకున్నారట, చోటు ఎలా రాయాలో తెలియడం లేదట, లాటూ ట్రాక్టూ చెప్పమన్నారు. చెప్పాం. ఇన్‌స్పెక్టరు ఎప్పుడొచ్చేదీ ఇంకా తెలియదు. జూలై 1న క్లినిక్కులో చేరాలి గనక అంతవరకు ఊళ్ళో మందుల షాపు మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. పత్రిక ఆ చిరునామాకి పంపవలసిందిగా సంపాదకులని కోరుతున్నాం. గొడుగు బహూకరిస్తామన్న మిత్రులు అదే చిరునామాకి పంపవచ్చు, అక్కడ వానలు ఎక్కువట.